సూరత్ బండెక్కబోయే మేనల్లుడికి

బరంపురం

నాయనా,

సూరత్ మరమగ్గాల మిల్లులో సూపర్‌వైజరు పని దొరికిందని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. మన వీధి పిల్లలు చాలామంది ఆ బండే ఎక్కారు గాని, సూపర్‌వైజరుగా పోతున్నది నువ్వే. కడుపు నిండింది. అంతలోనే, “కడుపులో పుండుకి అయిదు రోజులు మందులు వేసేసరికి నొప్పి పోయిందట, మిగతావి సంచిలో పడేసుకుని నొప్పొస్తే వేసుకుంటాడట” అంది. ఒళ్ళు మండింది.

నొప్పి పోయింది ఆమ్లం తగ్గించే పాంటాప్రజోల్ వల్లరా, పుండు మానినందుకు కాదు. ఆమ్లం తగ్గితే మంట నాలుగు రోజుల్లోనే ఆరుతుంది. పుండు పూడడానికి నాలుగు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. పైగా నీ రిపోర్టులో హెలికోబాక్టర్ పైలోరి అనే క్రిమి ఉంది, పుండు పెట్టేది అదే. ఆ క్రిమి మిగిలితే, మానిన పుండు మళ్ళీ లేస్తుంది. దాని సంగతి తేల్చినందుకే మార్షల్, వారెన్ అనే డాక్టర్లకు 2005లో నోబెల్ ఇచ్చారు. మీ నాయనమ్మ మాత్రం ఇంకా పచ్చిమిరపకాయనే తిడుతోంది.

ఆ క్రిమిని చంపే యాంటీబయోటిక్‌లు అమాక్సిసిలిన్, క్లారిత్రోమైసిన్ 14 రోజులూ పూర్తిచెయ్యి. మధ్యలో ఆపితే మిగిలిన క్రిమి ఆ మందుకు లొంగకపోవచ్చు. బండెక్కేనాటికి తొమ్మిది రోజులవుతాయి. మిగతా అయిదు రోజులవి షీటులోంచి తియ్యకుండా కత్తిరించి, పొద్దుటివి వేరు, రాత్రివి వేరు పొట్లాలు కట్టుకో.

పాంటాప్రజోల్ తిండికి అరగంట ముందు. కడుపు గోడలో ఆమ్లాన్ని తోడే పంపులు తిండి పడితేనే లేస్తాయి. అవి లేచేసరికి మందు రక్తంలో ఉండాలి. కొద్ది గంటల్లో అది రక్తంలోంచి పోతుంది గాని, అది పట్టిన పంపు మళ్ళీ పనిచెయ్యదు. తిన్నాక వేసుకుంటే మందు అంత బాగా పనిచెయ్యదు. నైట్ షిఫ్టులో గడియారం చూడకు. నిద్ర లేచాక మొదటి తిండి ఎప్పుడో దానికి అరగంట ముందు వేసుకో. నమలకు, నూరకు, పైపూత పోతే కడుపులోని ఆమ్లమే దాన్ని పాడుచేస్తుంది.

ఇక మీ నాన్న సంగతి. నీకప్పుడు నాలుగేళ్ళు. మోకాళ్ళకి రోజూ డైక్లోఫెనాక్, తలనొప్పికి ఇంకో నొప్పిబిళ్ళ, గ్యాస్ బిళ్ళేమో గుర్తొచ్చిన రోజున, అదీ భోజనమయ్యాక. కడుపునొప్పి రాలేదు కదా అని ధీమా. ఎలా వస్తుంది? నొప్పిబిళ్ళ కడుపునొప్పినీ కప్పేస్తుంది. ఆ బిళ్ళే కడుపు పొరకు కాపలా తీసేస్తుంది. మూడు రోజులు విరేచనం నల్లగా పోతే ఐరన్ మాత్రల వల్లే అనుకున్నాడు. ఐరన్‌కీ నలుపొస్తుంది, నిజమే. కాని రక్తం పడితే తారులా జిగటగా, భరించలేని కంపుతో ఉంటుంది. నాలుగోనాడు బాత్రూంలో పడిపోయాడు. హిమోగ్లోబిన్ ఆరు. నువ్వు గుమ్మంలో నిలబడి ఏడుస్తున్నావు, ఎత్తుకోవడానికి ఎవరికీ తీరిక లేదు.

అందుకే చెబుతున్నా: మగ్గాల దగ్గర నిలబడి నడుం లాగితే పారాసిటమాల్ 650 తప్ప ఇంకేదీ ముట్టకు. తారులాంటి విరేచనమైనా, రక్తం వాంతయినా, కళ్ళు తిరిగినా షిఫ్టు మానేసి ఆస్పత్రికి పరుగెత్తు. ఆ పూట కూలి పోతే పోనీ.

అక్కడ షాపులో గ్యాస్‌కని, వాంతులాపే డాంపెరిడోన్ కలిపిన క్యాప్సూల్ చేతిలో పెడతారు. తీసుకోకు. క్లారిత్రోమైసిన్‌తో కలిస్తే అది గుండె లయను చెడగొట్టగలదు. బీడీ మానెయ్, పుండు మాననివ్వదు. పాలు తాగితే ఆ నిమిషం హాయిగా ఉంటుంది, తర్వాత ఆమ్లం ఇంకా ఊరుతుంది. పఖాళ (నీళ్ళలో నానిన పులిసిన అన్నం) పడితే తిను, పడకపోతే మానెయ్.

పాంటాప్రజోల్ ఎన్ని వారాలో డాక్టరు చీటీలో రాసినన్నీ వాడు. ఆపిన కొత్తల్లో మంట ఎగదన్నవచ్చు. పుండు తిరగబెట్టిందని హడలకు, ఆమ్లం తగ్గించే జెల్ వేసుకో. యాంటీబయోటిక్ అయిన నాలుగు వారాలకు, పాంటాప్రజోల్ ఆపిన రెండు వారాలకు మలపరీక్ష గాని, ఊదే పరీక్ష గాని చేయించు. ముందే చేయిస్తే క్రిమి ఉన్నా లేనట్టు చూపించవచ్చు.

ఫలితం మీ అమ్మకన్నా ముందు నాకు చెప్పు. స్టేషనుకి ఇడ్లీ తెస్తాను. బిళ్ళ వేసుకున్న అరగంటకి డబ్బా విప్పు, ముందు కాదు.

మీ అత్త