అటెండెన్స్ షీట్లతోనే ఏడాది గడిచిపోతుందా?

ప్రశ్న: బీబీఏలో భాగంగా హైదరాబాద్‌లో ఒక కంపెనీ హెచ్‌ఆర్‌ విభాగంలో ఏడాది అప్రెంటిస్‌గా చేస్తున్నాను. సగం గడిచినా అటెండెన్స్ షీట్లు, ఫైళ్లే. స్టైపెండ్‌లో పీఎఫ్ కూడా కట్ చేయట్లేదు, మోసమేమో. మానేయనా మేడమ్?
– ఒక విద్యార్థిని

జవాబు: ముందు పీఎఫ్ సంగతి చెప్పేస్తాను, అందులో మోసమేమీ లేదమ్మా. 1961 అప్రెంటిస్ చట్టం ప్రకారం చేరినవాళ్లు ట్రైనీలే కానీ ఉద్యోగులు కారు, అందుకే పీఎఫ్, ఈఎస్ఐ (ఉద్యోగుల ఆరోగ్య బీమా) వర్తించవు. (హెచ్‌ఆర్‌లోనే కూర్చుని పక్క సీటువాళ్లని ఈ మాట అడగలేదా?)

అటెండెన్స్ అంటే అంత చిన్నచూపు వద్దు, జీతంలో కోత పడేదీ ఓవర్‌టైమ్ లెక్క తేలేదీ దాన్నిబట్టే. నెలాఖరులో పేరోల్ (జీతాల లెక్క) చేసేవాళ్ల దగ్గర కూర్చుని, మీరిచ్చిన షీట్ పే స్లిప్‌గా ఎలా మారుతుందో, బేసిక్, డీఏ (కరువు భత్యం) మీద 12 శాతం పీఎఫ్ ఎలా పడుతుందో, 21 వేలు దాటిన జీతాలకి ఈఎస్ఐ ఎందుకు ఉండదో అడిగి తెలుసుకోండి, రేపు ఇంటర్వ్యూలో పనికొచ్చేవి ఇవే. ఊరికే 'నేర్పండి' అంటే ఎవరూ నేర్పరు, నెలాఖరులో ఎవరి టెన్షన్ వాళ్లది. ఇంటర్వ్యూలు జరిగేటప్పుడు పక్కన కూర్చోనిస్తారా అని మీ మేనేజర్‌గారిని సూటిగా అడగండి. మానేయడం మాత్రం, కాలేజీలో క్రెడిట్ల సంగతి తేల్చుకోకుండా వద్దు.