ఎన్నారై సందేహాలు: బ్రెడ్డు గిన్నెలో పాస్తా

ఈ సంక్రాంతికి అంబాజీపేట దగ్గర మా పుట్టింటికి వచ్చినప్పుడు, ఆగస్టులో అమెరికా చదువులకు బయలుదేరబోతున్న మా వీధి పిల్లలు నలుగురు మా అరుగు మీదికి చేరి, వీసా గురించి, బ్యాంకు ఖాతా గురించి, చలికోటు ఎక్కడ కొనాలనే దాని గురించి అడగవలసినవన్నీ అడిగారు. అన్నీ అయ్యాక, లేచి వెళ్ళబోతూ, వాళ్ళలో ఒక అమ్మాయి మొహమాటపడుతూ "అక్కా, అక్కడ రాత్రిపూట ఏం వండుకుని తింటారండీ?" అని అడిగింది. ఇరవై రెండేళ్ళుగా షికాగో దగ్గర కాపురం ఉంటున్న నాకు, ఆ రోజు విన్న ప్రశ్నలన్నిటిలోనూ ఇదే పెద్దదిగా తోచింది. జవాబు మాటల్లో చెప్పకుండా మా అమ్మ వంటింట్లోనే చేసి చూపించాను. మొదటిసారి చెడింది, రెండోసారి కుదిరింది. కొత్తగా వెళ్ళేవారికి ఆ రెండూ పనికొస్తాయని ఇక్కడ రాస్తున్నాను.

మన డెల్టాలో పుట్టి పెరిగినవారికి చలి అంటే ధనుర్మాసంలో తెల్లవారుజామున కాలవగట్టు మీద పట్టే మంచు మాత్రమే. షికాగోలో నవంబరు మొదటి ఆదివారం గడియారాలను గంట వెనక్కి తిప్పుతారు, డిసెంబరు వచ్చేసరికి సాయంత్రం నాలుగుంబావు దాటగానే పొద్దు గూకిపోతుంది. ఒకే ఇంట్లో నలుగురు పిల్లలు ఉంటారు గానీ, ఒకరు ఆరింటికి క్లాసు ముగించుకుని వస్తారు, మరొకరు రాత్రి పదింటికి పని ముగించుకుని వస్తారు. ఎవరికి ఆకలైనప్పుడు వారు కుక్కరులోని అన్నం పెట్టుకుని, పచ్చడి కలుపుకుని, ఫోను చూస్తూ తిని పడుకుంటారు. తిండికి లోటు ఉండదు, తినేటప్పుడు పక్కన మనిషి ఉండడు. తొలి చలికాలంలో పిల్లలు డీలాపడిపోవడం నేను చాలా ఇళ్ళల్లో చూశాను, దానికి వాతావరణం ఎంత కారణమో ఈ ఒంటరి తిండీ అంతే కారణమని నా నమ్మకం. అందుకే వారానికి ఒక్క రాత్రయినా అందరూ కలిసి కూర్చోక తప్పని వంట ఒకటి నేర్చుకోమని చెబుతాను. బ్రెడ్డు గిన్నెలో వడ్డించే పాస్తా అలాంటిది. నింపిన పావుగంట, ఇరవై నిమిషాల్లో తినకపోతే అడుగు నానిపోతుంది కనుక అది ఎవరి కోసమూ ఆగదు, మనుషులే దాని కోసం ఆగాలి.

ఇందులో మనకు బొత్తిగా తెలియనిదేమీ లేదు. పాస్తా అంటే డ్యూరమ్ అనే గట్టి గోధుమ రవ్వను నీళ్ళతో కలిపి, అచ్చుల్లో ఒత్తి ఎండబెట్టినది. ఇటలీలో ఎండు పాస్తాను ఆ గోధుమతోనే చేయాలని 1967లో చట్టం కూడా చేశారు. మన సేమియా దానికి దగ్గరి చుట్టమే. ఇక తినే పదార్థాన్నే గిన్నెగా వాడుకోవడం పశ్చిమదేశాల్లో పాత అలవాటు. మధ్యయుగపు యూరపులో ఎండిన రొట్టె ముక్కను మన విస్తరిలాగా ముందు వేసుకుని, దాని మీద కూర వడ్డించుకునేవారు. శాన్ ఫ్రాన్సిస్కో రేవులో ఈనాటికీ పుల్లటి సవర్‌డో బ్రెడ్డును తొలిచి, అందులో ఆల్చిప్పల సూపు పోసి అమ్ముతారు. ఆ ఊళ్ళో ఈ బ్రెడ్డుకు పేరుపడ్డ బౌడిన్ బేకరీ 1849లో, బంగారం కోసం జనం ఎగబడిన రోజుల్లో మొదలైంది. మా అంబాజీపేట వైపు పనసాకులతో బుట్టలు కుట్టి, అందులో పిండి పోసి ఆవిరి మీద ఉడికించే పొట్టిక్కలు తిన్నవారికి ఇది ఇట్టే అర్థమవుతుంది. తేడా అల్లా, పొట్టిక్క తిని ఆకు పారేస్తాం, ఇక్కడ బుట్టను కూడా తినేస్తాం.

మొదటిసారి ఎందుకు చెడిందో చెబుతాను. దగ్గరి పట్నంలో ఒక బేకరీ నుంచి గుండ్రటి బన్నులు తెప్పించాను. అవి పాలూ పంచదారా వేసి చేసిన మెత్తటి బన్నులు, నొక్కితే లోపలికి పోయి మళ్ళీ పొంగేవి. పైన కోసి, గుజ్జు తీసి, వేడి పాస్తా నింపి స్టీలు పళ్ళెంలో పెట్టి పిల్లల ముందుంచాను. రెండు నిమిషాలు కాకుండానే అడుగు జారి, తెల్లటి సాస్ పళ్ళెమంతా పాకింది. పిల్లలు చెంచాలతో తినేశారు గానీ నాకు మనసు చివుక్కుమంది. గుమ్మంలో నిలబడి చూస్తున్న అమ్మ, "పొట్టిక్క బుట్టకి పుల్ల బిగించి గుచ్చకపోతే ఇలాగే అవుద్దమ్మా. అడుగు గట్టిగా లేనిదాంట్లో పలచటిది పోస్తే నిలుస్తుందా?" అంది. పాస్తా పేరు అంతకుముందు విని ఎరగని మా అమ్మ ఈ వంటలోని కిటుకంతా ఆ ఒక్క మాటలో చెప్పేసింది: గిన్నె పొడిగా, గట్టిగా ఉండాలి, లోపల పోసేది చిక్కగా ఉండాలి.

అమెరికాలో మీకు గట్టి గిన్నె సులభంగానే దొరుకుతుంది. సూపర్ మార్కెట్లో ముక్కలు కోసిన బ్రెడ్డు ఉండే వరుసకు వెళ్ళకుండా, ఆ దుకాణంలోనే బేకరీ విభాగానికి వెళ్ళి, సవర్‌డో బూల్ అని రాసి ఉన్న గుండ్రటి బ్రెడ్డు కోసం చూడండి. మనం దోసెల పిండిని పులియబెట్టినట్టే, గోధుమపిండీ నీళ్ళూ కలిపి పులియబెట్టిన తోడుతో దాన్ని చేస్తారు. సాధారణంగా పాలు, వెన్న, పంచదార వేయరు కనుక పై పెచ్చు మందంగా, గట్టిగా ఉంటుంది. మనిషికి ఒకటి చొప్పున, రెండు చేతుల దోసిలిలో పట్టేంత చిన్నవి తీసుకోండి. అవి దొరకకపోతే పెద్దది ఒకటి కొని మధ్యలో పెట్టుకుని నలుగురూ అందులోనే తినవచ్చు, నిజానికి నాకు అదే ఇంకా ఇష్టం. అప్పుడే కాల్చిన బ్రెడ్డు కన్నా నిన్నటిది ఈ పనికి మేలు, ఎందుకంటే అందులోని తడి కొంత తగ్గి ఉంటుంది. చాలా దుకాణాల్లో నిన్నటి బ్రెడ్డును తక్కువ ధరకే అమ్ముతారు కూడా.

కోయడం కొబ్బరి బొండాం చెక్కినట్టే ఉంటుంది. పైభాగాన కత్తిని నిలువుగా కాక లోపలి వైపుకు వాల్చి చుట్టూ తిప్పితే, మూత తిరిగి పెట్టినప్పుడు లోపలికి జారకుండా అంచు మీద కూర్చుంటుంది. లోపలి గుజ్జును వేళ్ళతో తీయండి, చుట్టూ బొటనవేలి మందం గోడను ఉంచండి, అడుగున ఇంకాస్త ఎక్కువే వదలండి. ఆశపడి ఎక్కువ తొలిచారో, మా అరుగు మీద జరిగిందే మీ ఇంట్లోనూ జరుగుతుంది. లోపలంతా కరిగించిన వెన్న పూసి, మూతతో సహా 350 డిగ్రీల ఓవెన్లో పది, పన్నెండు నిమిషాలు ఉంచండి. అక్కడి ఓవెన్ల మీద ఉండేవి ఫారెన్‌హీట్ డిగ్రీలు, మన లెక్కలో అది సుమారు 177. బయటికి తీసి లోపల గోటితో గీరితే గరగరమని శబ్దం రావాలి. ఆ పొడి పొర మీద పూసిన వెన్న సాస్‌లోని తడిని కొంతసేపు ఆపుతుంది.

ఓవెన్ ఎన్నడూ వాడనివారు కనుక కొన్ని జాగ్రత్తలు చెప్పక తప్పదు. ముందు అద్దెకున్నవారో, మీ గదిలోని స్నేహితులో మూకుళ్ళు, ప్లాస్టిక్ డబ్బాలు ఓవెన్లోనే దాచిపెట్టి ఉండవచ్చు, కాబట్టి మీట తిప్పే ముందు తలుపు తెరిచి చూడండి. వేడి పళ్ళేన్ని మనం ఇంట్లో పట్టుకున్నట్టు తడిగుడ్డతో పట్టుకోవద్దు. తడి ఒక్క క్షణంలో ఆవిరై చెయ్యి కాలుతుంది, దాని కోసం చేసిన మందపాటి చేతితొడుగులు కొనుక్కోండి. కరెంటు కాయిల్ పొయ్యి ఆపేసినా చాలాసేపు వేడి వదలదు కనుక సాస్ గిన్నెను పక్కకు దించాలి. పొగకు అలారం మోగిందని దాని బ్యాటరీ పీకేసే పిల్లలను చూశాను, దయచేసి ఆ పని ఎన్నడూ చేయవద్దు. పొయ్యి పైనుండే పొగ ఫ్యాను వేసి, కిటికీ తెరవండి.

నలుగురికి పాస్తా 250 గ్రాములు సరిపోతుంది. అక్కడి పెట్టె సాధారణంగా ఒక పౌను, అంటే 454 గ్రాములు ఉంటుంది కాబట్టి సగానికి కాస్త పైగా తీసుకోవాలి. పొడుగ్గా ఉండే స్పఘెట్టీ ఈ గిన్నెలో ఇమడదు, గొట్టాల్లా ఉండే పెన్నే గానీ, మరచుట్టలా ఉండే ఫుసిల్లీ గానీ మంచిది. మూడు లీటర్ల నీళ్ళను తెర్లబెట్టి, లీటరుకు పది గ్రాముల లెక్కన ఉప్పు వేసి, పెట్టె మీద రాసిన సమయానికి రెండు నిమిషాలు ముందే దించండి, మిగతాది సాస్‌లో ఉడుకుతుంది. వార్చేటప్పుడు ఒక కప్పు గంజి పట్టి ఉంచండి. అన్నం వార్చిన గంజిని పారబోయని ఇళ్ళనుంచి వచ్చినవారికి ఇది వేరే చెప్పక్కరలేదు. సాస్ మరీ బిగిస్తే ఆ పిండి నీళ్ళే దాన్ని విరగకుండా సడలిస్తాయి.

సాస్ దగ్గర తొందర పనికిరాదు. 50 గ్రాముల వెన్న కరిగించి, అంతే బరువు మైదా వేసి (అక్కడ ఆల్ పర్పస్ ఫ్లోర్ అని అమ్మేది మన మైదాకు దగ్గరగా ఉంటుంది) చిన్న మంట మీద పచ్చి వాసన పోయేదాకా కలపాలి, రంగు మారనివ్వకూడదు. తర్వాత 600 మిల్లీలీటర్ల పాలను ఒక్కసారిగా గుమ్మరించకుండా, మొదట గరిటెడు పోసి ఉండలు లేకుండా ముద్దలా కలిపి, ఆపైన కొద్దికొద్దిగా పోస్తూ తిప్పుతూనే ఉండాలి. గరిటె వెనక వేలితో గీత గీస్తే ఆ గీత కలిసిపోకుండా నిలవాలి. అమ్మ చెప్పిన చిక్కదనం అదే. వార్చి ఉంచిన పాస్తాను ఇప్పుడు అందులో వేసి రెండు నిమిషాలు ఉడకనివ్వండి. పొయ్యి మీది నుంచి దించాకనే 100 గ్రాముల తురిమిన చెడ్డార్ చీజు వేయండి, మరిగే సాస్‌లో వేస్తే చీజు విరిగి నూనె తేలుతుంది. ఇక్కడ మనవాళ్ళకు నేను ప్రత్యేకంగా చెప్పేది ఆవపొడి. చీజు సాస్‌లో ఆవ వేయడం అక్కడివారికీ అలవాటే, మనకు పనసపొట్టు కూరలో ఆవ పెట్టడం పుట్టుకతో వచ్చినదే. దించిన తర్వాత అర చెంచా ఆవపొడి వేస్తే, పాల కమ్మదనం మొహం మొత్తకుండా నిలబెడుతుంది. పొయ్యి మీద ఉండగా వేస్తే ఘాటు పోతుంది. వేయించిన వెల్లుల్లి, పచ్చిమిర్చి, క్యాప్సికమ్, బఠానీ, పుట్టగొడుగులు మీ ఇష్టం, కానీ పుట్టగొడుగుల్లోని నీరంతా ఇగిరేదాకా విడిగా వేయించి కలపాలి, లేకపోతే అవి సాస్‌ను పలచన చేస్తాయి.

శాకాహారులు ఒక విషయం గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. మనం పాలను నిమ్మరసంతో విరిచి పనీరు చేస్తాం గానీ, చాలా రకాల చీజులను రెన్నెట్ అనే ఎంజైముతో గడ్డకట్టిస్తారు, అది దూడ కడుపు నుంచి తీసినది కావచ్చు. పార్మిజానో రెజ్జానో అనే పేరున్న ఇటలీ చీజును నియమం ప్రకారం దూడ రెన్నెట్‌తోనే చేస్తారు. చెడ్డార్ కొనేటప్పుడు పొట్లం వెనక చదివి, వెజిటేరియన్ రెన్నెట్ అనో, మైక్రోబియల్ అనో ఉన్నది తీసుకోండి. డబ్బా సూపుల్లోనూ సీసా సాసుల్లోనూ పంది మాంసపు ముక్కలు, ఆంచోవీ చేపలు ఉండవచ్చు, నిగనిగలాడే పెచ్చున్న బ్రెడ్డుకు గుడ్డు పూసి ఉండవచ్చు. అమెరికాలో గోధుమ, పాలు, గుడ్డు, వేరుశనగ వంటి తొమ్మిది అలర్జీ పదార్థాలను పొట్లం మీద తప్పక రాయాలి, 2023 నుంచి నువ్వులను కూడా వాటిలో చేర్చారు. తోటి విద్యార్థులను భోజనానికి పిలిచేటప్పుడు ఏమి తినరో ముందే అడగడం అక్కడ మర్యాదే, అందులో మొహమాటం అక్కరలేదు.

రెండోసారికి నేను రెండు రోజుల ముందే బేకరీకి చెప్పి, పంచదార వేయకుండా గుండ్రటి బ్రెడ్డులు గట్టిగా కాల్పించి, రాత్రంతా చేటలో ఆరబెట్టాను. ఓవెన్ లేదు కనుక అమ్మ దిబ్బరొట్టె మూకుడు తీసి, అందులో బ్రెడ్డు గిన్నెలు పెట్టి మూత వేసి, మూత మీద కొబ్బరిచిప్పల నిప్పులు పోసింది. కిందా పైనా సమంగా వేడి తగిలి, పెచ్చు టకటకలాడేలా ఎండాయి. ఈసారి పిల్లలందరినీ ముందు కాళ్ళు కడుక్కుని వచ్చి అరుగు మీద వరసగా కూర్చోమన్నాను. కూర్చున్నాకే నింపాను, నింపిన వెంటనే పళ్ళేల్లో పెట్టాను. పావుగంట దాకా ఒక్క చుక్క కారలేదు. చీజంటే మొహం తిప్పుకునే అమ్మ, సాస్ పీల్చుకున్న అడుగు ముక్క విరుచుకుని నోట్లో వేసుకుని, దిబ్బరొట్టె మాడు చెక్కలా ఉందంటూ ఇంకో ముక్క తీసుకుంది. తీసేసిన గుజ్జు మర్నాడు పొద్దున ఉల్లిపాయా కరివేపాకూ తిరగమోత వేసి ఉప్మా అయింది. మీరూ ఆ గుజ్జు పారేయకండి. పాస్తా మిగిలితే గిన్నెలో వదలకుండా వేరే డబ్బాలోకి తీసి, రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లో పెట్టండి. నింపిన గిన్నె మాత్రం మర్నాటికి ఉండదు.

మొదట ప్రశ్న అడిగిన ఆ అమ్మాయి చెంచా పట్టుకుని, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక, "మూత కూడా తినొచ్చాండీ అక్కా?" అంది. మూతను రెండుగా విరిచి, ఒక ముక్క సాస్‌లో ముంచుకుని, రెండోది పక్కనున్న అబ్బాయికి ఇమ్మన్నాను.