మెటానమీ, సినెక్డకీ తేడా ఎట్లా పట్టుకోవాలి?

తమ్ముడూ, ఫిగర్స్ ఆఫ్ స్పీచ్ ఎంత బట్టీ కొట్టినా పరీక్ష హాల్లో మెటాఫర్, మెటానమీ, సినెక్డకీ కలగాపులగం అవుతున్నాయని అడిగావు. హనుమకొండలో డిగ్రీ పిల్లలకు ఏళ్లుగా ఈ పాఠమే చెప్తున్నాను. డెఫినిషన్ కాసేపు పక్కన పెట్టు. పైకి అన్న మాటకూ, మనసులో ఉన్నదానికీ మధ్య సంబంధం ఏంటో చూడు.

పోలిక ఉంటే మెటాఫర్. టెన్త్ తెలుగులో రూపకాలంకారం చదివినవాళ్లకు అది కొత్తేమీ కాదు. బమ్మెర పోతన పద్యాలు నోటికి వచ్చినవాళ్లకు అలిటరేషన్, అంటే ఒకే అక్షరం మళ్లీ మళ్లీ వినిపించడం, కూడా అంతే.

తికమకంతా మిగతా రెండింటి దగ్గరే. పత్తి అమ్ముకొని వచ్చిన రైతు "ఈసారి ఎనుమాముల రేటు ఇయ్యలే" అంటాడు. ఎనుమాముల వరంగల్‌లో మార్కెట్ ఉన్న చోటు పేరు. చోటు రేటు ఇస్తుందా? ఇచ్చేది మార్కెట్‌లోని వ్యాపారులు. ఆ చోటుకూ వాళ్లకూ పోలిక లేదు, అది వాళ్లలో భాగమూ కాదు. వాళ్లు కొనేది అక్కడ, అంతే. ఇట్లా ముడిపడి ఉన్నదాని పేరుతో చెప్తే మెటానమీ. 'వైట్‌హౌస్ ప్రకటించింది' అన్నా అదే. ఆ రైతే "ఇంట్ల తినే నోళ్లు ఎక్కువ" అన్నాడనుకో, నోరు మనిషిలో భాగం. భాగం పేరుతో మొత్తం మనిషిని చెప్పాడు కాబట్టి సినెక్డకీ. ఇంగ్లిష్‌లో పనివాళ్లను 'హ్యాండ్స్' అనడం ఇట్లాంటిదే. తిరగేసి, మొత్తం పేరుతో భాగాన్ని చెప్పినా సినెక్డకీయే: క్రికెట్‌లో 'ఇండియా గెలిచింది' అంటాం, గెలిచింది పదకొండు మంది.

ఇప్పుడు షేక్‌స్పియర్ జూలియస్ సీజర్, మూడో అంకం రెండో రంగం తియ్యి. బ్రూటస్, అతని తోటివాళ్లు సీజర్‌ను చంపేశాక, సీజర్ స్నేహితుడు ఆంటొనీ జనాన్ని 'లెండ్ మీ యువర్ ఇయర్స్' అని అడుగుతాడు. చెవి ఒంట్లో భాగమే కదా అని సినెక్డకీ అని రాసేస్తారు. కానీ అతను అడిగింది మనుషుల్ని కాదు, వాళ్లు శ్రద్ధగా వినడాన్ని. అందుకే నేను మెటానమీ అంటాను. నువ్వు ఏది రాసినా కారణం ఒక వాక్యంలో రాయి.

అదే ప్రసంగంలో ఆంటొనీ బ్రూటస్‌ను 'ఆనరబుల్ మ్యాన్' (గౌరవనీయుడు) అని మళ్లీ మళ్లీ అంటాడు. మొదట వింటే మర్యాదగానే ఉంటుంది. సీజర్ బందీలను తెచ్చి ఖజానా నింపాడు, పేదలు ఏడిస్తే తానూ ఏడ్చాడు, కిరీటం మూడుసార్లు వద్దన్నాడు అని గుర్తు చేస్తూ ప్రతిసారీ వెంటనే ఆ మాటే అంటుంటే, పొగడ్త కాస్తా నింద అవుతుంది. కాసేపటికి జనమే బ్రూటస్‌నూ అతని తోటివాళ్లనూ ద్రోహులంటారు. 'రెపిటిషన్ (మళ్లీ మళ్లీ అనడం), ఐరనీ (పైకి ఒకటి అని లోపల వేరేది ఉద్దేశించడం)' అని పేర్లు రాసి వదిలేసిన పేపర్ కంటే, ఆ మాట ఎక్కడ తిరగబడిందో చూపించిన పేపర్‌కే నేను ఎక్కువ మార్కులు వేస్తాను.

అనాఫొరా, ఎపిస్ట్రఫీ కూడా అడిగావు. వరుస వాక్యాల, లేదా వాక్యంలోని ముక్కల మొదట్లో ఒకే మాట తిరిగొస్తే అనాఫొరా. 1963లో మార్టిన్ లూథర్ కింగ్ 'ఐ హావ్ ఎ డ్రీమ్' అన్నది అదే. చివర్లో తిరిగొస్తే ఎపిస్ట్రఫీ. 1863లో గెటిస్‌బర్గ్‌లో లింకన్ అన్న 'ఆఫ్ ది పీపుల్, బై ది పీపుల్, ఫర్ ది పీపుల్'లో 'పీపుల్' చూడు. ఈ రెండూ గట్టిగా పైకి చదువు, చెవికే తెలిసిపోతుంది.