రాజు కోసం తిరుగుబాటా?

సందేహం: స్కాట్లండు చరిత్ర మీద ఒక వ్యాసం తెలుగులోకి తెస్తున్నాను. "జాన్ మిడిల్టన్ అనే సేనాని 1654లో రాజు కోసం తిరుగుబాటు నడిపాడు" అని రాస్తే మా ఇంట్లోవాళ్లే నవ్వారు. తిరుగుబాటు రాజు మీద కదా చేసేది? పితూరీ అనవచ్చునా? విప్లవం అంటే? కమాండర్‌ను సేనాధిపతి అనాలా, దండనాయకుడు అనాలా? (తెనాలి నుంచి ఒక పాఠకురాలు)

సమాధానం: అమ్మా, మీవాళ్లు నవ్వింది తిరుగుబాటును చూసి కాదు, దాని ముందున్న 'కోసం'ను చూసి. ఆ సంగతి చివర చెబుతాను. ముందు తిరుగు ధాతువు దగ్గర నన్ను కాసేపు కూర్చోనివ్వండి. ఇలాంటి ఉత్తరం కోసం ఎన్నాళ్లుగానో చూస్తున్నాను.

చక్రం తిరుగుతుంది, తల తిరుగుతుంది, ఊళ్లు తిరుగుతాం. పిండి విసిరేది తిరగలి. సాధన చేసినవాడు చేయి తిరిగినవాడు, చేయనివాడికి నోరు తిరగదు. తగ్గిన జబ్బు మళ్లీ వస్తే తిరగబెట్టిందంటాం. తీరిన తగవును కెలికితే తిరగదోడటం. వీటిలో ఎక్కడా రాజు లేడు. తిరగబడటంలోనూ లేడు. తలుపులన్నీ మూసి కొడితే పిల్లి కూడా తిరగబడుతుంది. ఆ పిల్లికి రాజెవరో, మంత్రెవరో తెలియదు. అంతదాకా వీపు చూపినది ముఖం చూపుతుంది, అంతే. తడబాటు, ఎడబాటు, కట్టుబాటు వరసలోనే తిరుగుబాటూ వచ్చింది. నొక్కిపెట్టేవాడు ఎవడైతే వాడి మీద జరిగేది అది. వాడి నెత్తిన కిరీటం ఉందా లేదా అన్నది ఈ మాటకు పట్టదు.

మీ వ్యాసంలో నొక్కిపెట్టినవాడు, రాజును తీసేసిన ఇంగ్లీషు పార్లమెంటు పక్షం సేనాని క్రాంవెల్. 1649 జనవరి 30న మొదటి చార్లెస్ తల తీశారు. అతని కొడుకు రెండో చార్లెస్‌కు 1651 జనవరి 1న స్కోన్‌లో స్కాట్లు పట్టం కట్టారు గాని, ఆ సెప్టెంబరు 3న వూస్టర్ యుద్ధంలో ఓడి అతడు దేశం విడిచిపోయాడు. స్కాట్లండు కోటల్లో ఇంగ్లీషు సైన్యం దిగింది. 1653లో గ్లెంకేర్న్ ప్రభువు కొండసీమ జనాన్ని కూడగట్టి లేచింది ఆ సైన్యం మీద. మరుసటి ఏడు పెత్తనం అందుకోవడానికి రాజు పంపగా వచ్చినవాడు మిడిల్టన్.

ఈ మిడిల్టన్ బతుకే తిరుగు ధాతువుకు రూపావళి. ఫ్రాన్సులో మామూలు ఈటెగాడిగా మొదలుపెట్టాడు. 1639లో, తమ చర్చిని కాపాడుకుంటామని ఒడంబడిక రాసుకుని రాజుకు ఎదురుతిరిగిన కవనెంటర్ల పక్షం, ఆ తర్వాత ఇంగ్లీషు పార్లమెంటు సైన్యం. 1645 సెప్టెంబరు 13న ఫిలిప్‌హాలో రాజు సేనాని మాంట్రోజ్‌ను దెబ్బతీసిన డేవిడ్ లెస్లీ వెంట ఉన్నాడు. 1648లో రాజు వైపు తిరిగి ప్రెస్టన్ దగ్గర పట్టుబడ్డాడు. చర్చి వెలివేస్తే డండీలో గోనెపట్ట కట్టుకుని జనం ముందు ప్రాయశ్చిత్తం చేసుకున్నాడు. వూస్టర్‌లో మళ్లీ పట్టుబడి, లండన్ టవర్ నుంచి భార్య బట్టలు వేసుకుని బయటపడ్డాడంటారు. రాజరికం తిరిగి వచ్చాక, 1661లో ఎడిన్‌బరోలో రాజప్రతినిధిగా కూర్చుని, 1633 తర్వాతి చట్టాలను పార్లమెంటు చేత ఒక్క వేటున రద్దు చేయించాడు. తిరగదోడటమంటే అది! ఆ మే 11న సెయింట్ జైల్స్ చర్చిలో మాంట్రోజ్ అస్థికలకు రాజలాంఛనాలతో అంత్యక్రియలు జరిగినప్పుడు రాజప్రతినిధి ఎవరనుకున్నారు? ఫిలిప్‌హాలో ఆయన మీద కత్తి దూసిన ఈ మిడిల్టనే.

1654కు వస్తే, డోర్నక్ విందులో గ్లెంకేర్న్ తాను పోగుచేసిన సైన్యాన్ని మెచ్చుకోగానే మిడిల్టన్ వెంట వచ్చిన జార్జ్ మన్రో లేచి, వాళ్లు వట్టి దొంగలు, దోపిడీగాళ్లు అన్నాడు. గ్లెంకేర్న్, మన్రో కత్తులు దూసుకున్నారు, మన్రో గాయపడ్డాడు. శత్రువు మీద కాదు, తమలో తామే! జులై 19న డాల్‌నాస్పిడల్ దగ్గర ఇంగ్లీషు సేనాని థామస్ మోర్గన్ మీదపడేసరికి సేన విరిగింది.

విరిగింది అనే రాయండి. 'ఓటమి పాలయింది' అని పత్రికలు అరగదీసిన మాట వద్దు. పాలంటే గుర్తొచ్చింది. నెల్లూరి మనుమసిద్ధి సేనాని ఖడ్గతిక్కన యుద్ధం నుంచి వెనక్కి వస్తే, తల్లి విరిగిన పాలు వడ్డించి, "పసులున్ విఱిగినవి తిక్క పాలున్ విఱిగెన్" అన్నదని చాటువు. పాలు విరగడం, మంద విరగడం, సేన విరగడం అన్నీ ఒక్క క్రియలో ఇమిడాయి. ఆ ఒక్క పాదంలో తల్లి కొడుకును ఎంత తిట్టిందో చూడండి. ఆ చాటువు కట్టినవాడికి రోజూ దణ్ణం పెట్టాలనిపిస్తుంది నాకు.

విప్లవం వద్దు. సంస్కృతంలో అల్లకల్లోలం, ఉపద్రవం అనే అర్థాలున్న మాటను ఇప్పుడు సబ్బు ప్రకటనల దాకా లాక్కొచ్చారు. పితూరీ సంగతి వేరు. అరబ్బీలో నీరసమనే అర్థమున్న 'ఫుతూర్' ఉర్దూ మీదుగా అలజడి అయి, మన మన్యానికి వచ్చి సాయుధపోరాటమైంది. 1922-24 నాటి సీతారామరాజు పోరాటమూ సర్కారు కాగితాల్లో పితూరీయే. బడిపిల్లలు పంతులుగారికి చెప్పేదీ అదే. కొండల్లో సాగిన పోరు కనుక స్కాట్లండుకూ నప్పుతుందని ఒక మనసు అంటుంది. అది అణచేవాడు పెట్టిన పేరు కదా అని ఇంకో మనసు అంటుంది. నేనైతే వాడను, మీరు వాడితే కొట్టివేయను.

సేనాధిపతి చాలు. దండనాయకుడంటే కాకతీయుల వాసన వస్తుంది. మీ ఉత్తరంలో ఇంకోచోట 'తిరుగుబాటుదారుడు' అని ఉంది. దారు మీద మళ్లీ డు ఎందుకమ్మా? జమీందారుడు అంటామా? హక్కుదారుడు ఎప్పుడో స్థిరపడిపోయాడు, నేను ఓడిపోయాను. మీరైనా తిరుగుబాటుదారు దగ్గర ఆగండి.

ఇక ఆ 'కోసం'. తిరగబడటానికి 'మీద' కావాలి. ఎవరి మీదో చెప్పకుండా ఎవరి కోసమో చెబితే, వినేవాడు అలవాటు కొద్దీ ఆ ఖాళీలో రాజునే కూర్చోబెడతాడు, నవ్వుతాడు. టిక్కెట్టు రానివాడల్లా 'తిరుగుబావుటా' ఎగరేశాడని రాసేవాళ్ల దగ్గరా ఈ ఖాళీయే. "క్రాంవెల్ ఏలుబడి మీద రాజపక్షం వారు చేసిన తిరుగుబాటు" అనండి, ఎవరూ నవ్వరు. 'మిడిల్టన్ తిరుగుబాటు' అని శీర్షిక పెట్టుకోవాలనుంటే పెట్టుకోండి. చరిత్రలో గ్లెంకేర్న్ పేరు మీద నడుస్తున్నదాన్ని మిడిల్టన్‌కు రాసిచ్చారేమని చరిత్రకారులు తిరగబడితే మాత్రం నా పూచీ లేదు.