గ్యారేజీలో విమానం: ఒంటరిగానా, నలుగురి సాయంతోనా?

ప్రశ్న: నేను టెక్సస్‌లోని ఫ్రిస్కోలో ఉంటున్నాను. ప్రైవేట్ పైలట్ లైసెన్సు ఉంది. విడిభాగాలుగా వచ్చే ఆర్‌వీ-7 విమానం కిట్ తెప్పించుకుని మా గ్యారేజీలో రెండు సీట్ల విమానం కట్టాలని సంకల్పం. నా భార్య, 14 ఏళ్ల మా అమ్మాయి సాయం చేస్తామంటున్నారు. డబ్బు తీసుకుని కొంత పని చేసిపెడతామని ఒక వర్క్‌షాప్ వారూ ముందుకొచ్చారు. నేనొక్కడినే కట్టాలన్న నిబంధన ఏమైనా ఉందా? అసలు ఇది ఒక్కరి వల్ల అయ్యే పనేనా?
– ఒక పాఠకుడు, ఫ్రిస్కో

జవాబు: మీరొక్కరే కట్టాలన్న నిబంధన లేదు. ఔత్సాహికులు కట్టిన విమానంగా అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్‌ఏఏ ధ్రువపత్రం ఇవ్వాలంటే, అందులో సగానికి మించిన పనిని కేవలం నేర్చుకోవడానికో, సరదాకో పూనుకున్నవారు చేసి ఉండాలి. మీ భార్య, అమ్మాయి, పక్కింటి మిత్రుడు ఉచితంగా చేసే పని కూడా ఈ వాటాలోకే వస్తుంది. డబ్బిచ్చి చేయించుకోవడం తప్పేమీ కాదు గాని, ఆ పని మీ వాటాలో చేరదు. ఈ వాటాను పెట్టిన ఖర్చును బట్టో, పట్టిన గంటలను బట్టో కాక, ఎఫ్‌ఏఏ చెక్‌లిస్టులోని పనులను బట్టి లెక్కిస్తారు. రంగు వేయడం, సీట్ల కుట్టుపని ఈ లెక్కలోకి రావు కనుక వాటిని నిశ్చింతగా వర్క్‌షాప్‌కు అప్పగించవచ్చు. రెక్కలు, బాడీ చాలావరకు బిగించి పంపే క్విక్ బిల్డ్ కిట్ కొంటే మాత్రం కంపెనీ ముందే చేసిపెట్టే పని ఎక్కువవుతుంది. దానికి వర్క్‌షాప్ పని కూడా తోడైతే మీ వాటా సగం కన్నా తగ్గిపోయే ప్రమాదం ఉంది.

ఇక ఒక్కరి వల్ల అవుతుందా అంటే, చాలావరకు అవుతుంది. రేకులకు రంధ్రాలు వేయడం, ప్రతి రంధ్రం అంచునా లేచిన పదునైన గరుకును గీకి తీసేయడం, రేకులను కలిపే రివెట్ తల రేకుతో సమానంగా కూర్చునేలా రంధ్రం చుట్టూ చిన్న గుంట (డింపుల్) కొట్టడం, ప్రైమర్ పూయడం వంటివన్నీ ఒంటరిగా సాగే పనులు. మీ గంటల్లో అధికభాగం వీటికే పోతుంది. చిక్కంతా రివెటింగ్ దగ్గర వస్తుంది. తోకభాగాలకు బల్లమీద ఉక్కుపలక పరిచి, ఒక్కరే వెనకనుంచి రివెట్లు కొట్టుకోవచ్చు. రెక్క కింది రేకు మూసేటప్పుడు మాత్రం ఒకరు బయటనుంచి రివెట్ గన్ పట్టుకోవాలి, మరొకరు భుజం దాకా చేయి లోపలికి దూర్చి, కంటికి కనిపించని రివెట్ తోకకు బకింగ్ బార్ అనే బరువైన ఉక్కుదిమ్మ ఆనించి ఉంచాలి. రివెట్ తోక, రివెట్ వ్యాసానికి ఒకటిన్నర రెట్ల వెడల్పుకు, వ్యాసంలో సగం ఎత్తుకు అణగాలి. లోపలివారు ‘సరే’ అనకముందే ట్రిగ్గర్ నొక్కారా, రేకు సొట్టపోతుంది. గన్ పక్కకు జారితే నెలవంక లాంటి గాటు పడుతుంది. ఈ పనికి విమానాల గురించి గంటలకొద్దీ మాట్లాడే మిత్రుడికన్నా, సన్నని చేతులూ ఓపికా ఉన్న మీ అమ్మాయే నయమని నా అభిప్రాయం. చెవులకు రక్షణ, కళ్లద్దాలు ఇద్దరికీ తప్పనిసరి.

సాయం అక్కర్లేదని పట్టుబడితే ఆర్‌వీ-12 కిట్ చూడండి. అందులో దాదాపు అన్నీ ఒకవైపు నుంచే లాగి బిగించే రివెట్లు.

మీరు అడగని ఒక సాయం గురించి కూడా చెప్పాలి. 1953లో మొదలై, ఇప్పుడు విస్కాన్సిన్‌లోని ఆష్‌కాష్ కేంద్రంగా పనిచేస్తున్న ఈఏఏ అనే ఔత్సాహిక విమాన నిర్మాతల సంస్థకు టెక్నికల్ కౌన్సెలర్లు ఉన్నారు. వీరు స్వచ్ఛందంగా ఇంటికి వచ్చి పని చూసి సలహా ఇస్తారు. రెక్క మూసేశాక లోపలి రివెట్లు ఎవరికీ కనబడవు కాబట్టి, ఆఖరి రేకు బిగించకముందే పిలవండి. ఏ రోజు ఏ భాగం చేశారో, ఎవరు సాయపడ్డారో ఫోటోలతో సహా లాగ్‌లో రాసుకోండి. చివర తనిఖీకి వచ్చే అధికారికి మీ వాటా చూపించాల్సింది ఆ లాగ్‌తోనే.

ఎంతమంది చేయి వేసినా, ఆ విమానానికి రిపేర్‌మన్ సర్టిఫికెట్ మాత్రం ఒక్కరికే, అంటే ప్రధానంగా కట్టినవారికే ఇస్తారు. అది ఉంటే ఏటేటా చేయాల్సిన తనిఖీని మీరే చేసుకోవచ్చు. లేకపోతే ఎఫ్‌ఏఏ సర్టిఫికెట్ ఉన్న ఏ అండ్ పీ (విమాన బాడీ, ఇంజిన్) మెకానిక్‌ను పిలవాలి. కొత్త విమానానికి మొదటి దశ పరీక్షా ప్రయాణాలు ఇంజిన్, ప్రొపెల్లర్ జోడీ ధ్రువీకృతమైతే సాధారణంగా 25 గంటలు, కాకపోతే 40 గంటలు ఉంటాయి. ఆ దశ ముగిసేదాకా సరదాగా ఎవరినీ ఎక్కించుకోకూడదు. ఈ సంగతి మీ అమ్మాయికి ఇప్పుడే చెప్పి ఉంచండి.

కిట్ మొత్తం ఒకేసారి కొనకండి. ముందు తోక కిట్ ఒక్కటే తెప్పించండి. అది పూర్తయ్యేసరికి ఈ పని మీకు నచ్చుతుందో లేదో, ఇంట్లోవారి ఉత్సాహం ఎంతకాలం నిలుస్తుందో తేలిపోతుంది.