ఫోన్ వాళ్ల చేతిలోనే ఉండనివ్వండి

మీ సంస్థ తరఫున ఊళ్లో ఆడవాళ్లకు, పెద్దవాళ్లకు ఫోన్, ఇంటర్నెట్ వాడకం నేర్పాలనుకుంటున్నామని, ఎక్కడ మొదలుపెట్టాలని అడిగారు. మిర్యాలగూడ దగ్గర మా ఊళ్లో మూడేళ్లుగా ఈ పని చేస్తున్నాం. మాకు తెలిసొచ్చింది చెప్తాను.

మొదట్లో ఐదు పాత కంప్యూటర్లు సంపాదించి, బడిలో ఒక గది అడిగి, మౌస్ పట్టుకోవడం దగ్గర్నుంచి మొదలుపెట్టాం. ఇరవై మంది వచ్చారు. నాట్లు మొదలయ్యేసరికి నలుగురు మిగిలారు. వాళ్ల ఇళ్లలో కంప్యూటర్ లేదు, ఉన్నది ఫోన్. ఆ గది వదిలేసి డ్వాక్రా సంఘం మీటింగుకే వెళ్లాం. పొదుపు డబ్బులు కట్టడం అయ్యాక ఒక అరగంట మాకిచ్చారు. ఇప్పటికీ అక్కడే నేర్పుతున్నాం.

పెట్టుకున్న నియమం ఒక్కటే. నేర్పేవాళ్లు ఎదుటివాళ్ల ఫోన్ ముట్టుకోకూడదు. పాటించడం చాలా కష్టమండీ. "ఇటివ్వక్కా, నేను చేస్తా" అని చెయ్యి దానంతటదే ముందుకు పోతుంది. ఇంట్లో కొడుకులు, మనవలు చేసేదీ అదే. పని అయిపోతుంది, అక్కకు మాత్రం ఏమీ రాదు. ఎక్కడ నొక్కాలో నోటితో చెప్పి ఆగాలి. తప్పు నొక్కితే వెనక్కి ఎలా రావాలో మొదటి రోజే నేర్పండి, సగం టెన్షన్ పోతుంది.

మిగతా సగం డబ్బు గురించి. "ఏదో నొక్కితే ఖాతా ఖాళీ అవుతుందేమో" అంటారు. మోసాలు నిజంగా జరుగుతున్నాయి, కాబట్టి ఆ భయాన్ని కొట్టిపారేయకండి. మేం ఒక రూపాయి ఆట పెట్టాం. పక్కపక్కన కూర్చుని ఒకరికొకరు రూపాయి పంపుకుంటారు. పంపే ముందు తెర మీద కనిపించే పేరు పైకి చదవాలి. చదువు రాకపోతే పక్కవాళ్లు చదువుతారు. పంపడానికో, బ్యాలెన్స్ చూసుకోవడానికో పిన్ కావాలి గానీ డబ్బు తీసుకోవడానికి అక్కర్లేదని మేం నాలుగుసార్లు చెప్పినా గుర్తుండలేదు. పిన్ కొట్టకుండానే రూపాయి వచ్చి పడటం కళ్లారా చూశాక ఎవరూ మర్చిపోలేదు. తర్వాత ఒక అక్కకు "డబ్బు వేస్తున్నాం, పిన్ కొట్టండి" అని ఫోన్ వస్తే, మాట పూర్తికాకుండానే పెట్టేసింది. ఆ సంగతి ఆమే మీటింగులో నిలబడి చెప్పింది. మేం చెప్పేదానికంటే ఆమె మాట ఎక్కువ పనిచేసింది.

"మాకు చదువు రాదు" అనేవాళ్లకు కీబోర్డు మీద మైకు గుర్తు చూపించండి. తెలుగులో మాట్లాడితే తెలుగులో పడుతుంది.

మేం ఊహించని చిక్కు ఓటీపీ. చాలామంది ఆధార్‌కు, బ్యాంకు ఖాతాకు హైదరాబాద్‌లో ఉన్న కొడుకు నంబరో, ఎప్పుడో ఆగిపోయిన నంబరో ఉంది. ఎంత నేర్పినా ఓటీపీ వాళ్ల ఫోన్‌కు రాదు. అందుకే ఎవరి ఖాతాకు ఏ నంబరు ఉందో ముందే రాసుకుని, మార్చుకోవాల్సిన వాళ్లను కలిపి ఆటోలో ఆధార్ సెంటర్‌కు, బ్యాంకుకు తీసుకెళ్లాం. మీ బడ్జెట్‌లో ఆటో ఖర్చు తప్పకుండా పెట్టుకోండి.

వయసు గీత గీయకండి. 2017లో మొదలైన ప్రధానమంత్రి గ్రామీణ డిజిటల్ సాక్షరతా అభియాన్‌లో 14 నుంచి 60 ఏళ్లలోపు వాళ్లకు, అదీ ఇంటికి ఒక్కరికే నేర్పారు. పింఛను తీసుకునే అవ్వలు, తాతలు బయటే ఉండిపోయారు. నా మటుకు వాళ్లకే ముందు నేర్పాలి. 2022లో దేశంలో తొలి పూర్తి డిజిటల్ అక్షరాస్యత పంచాయతీగా ప్రకటించిన కేరళలోని పుల్లంపారలో, వాలంటీర్లు ఇళ్లకూ, ఉపాధి హామీ పని జరిగే చోటుకూ వెళ్లి నేర్పారు.

మీరు వెళ్లిపోయాక అడగడానికి ఊళ్లో ఒక మనిషి ఉండాలి. డిగ్రీ చదివిన కుర్రాడికంటే, ఆర్నెల్ల కిందటే నేర్చుకున్న అక్క నయం. ఎక్కడ తడబడతారో ఆమెకు తెలుసు. ఆమెకు నెలకు ఎంతో కొంత ఇవ్వండి, ఊరికే చేయించుకోకండి.

పెళ్లి పత్రిక పేరుతోనో, పీఎం కిసాన్ పేరుతోనో వాట్సాప్‌లో వచ్చే ఏపీకే ఫైలు (ఫోన్‌లో యాప్ ఎక్కించే ఫైలు) తెరవొద్దని ప్రతి మీటింగులో చెప్పండి. డబ్బు పోతే సిగ్గుపడి దాచకుండా వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కు ఫోన్ చేయమనండి. ఆ నంబరును మేం అందరి ఫోన్లలో పేరు పెట్టి సేవ్ చేయించాం, అదీ వాళ్ల చేతే.

మొదలుపెట్టే రోజు మాత్రం సంఘం వాళ్లనే అడగండి. మా దగ్గర నాట్లప్పుడు, కోతలప్పుడు ఆపేస్తాం.