టెక్ సందేహాలు: ఇరవై వేల రేడియో నాన్నగారికి పనికొస్తుందా?

ప్రశ్న: మా నాన్నగారికి 78 ఏళ్లు. తెనాలిలో ఉంటారు. పొద్దున్న లేచింది మొదలు ఆయన పక్కన రేడియో మోగాల్సిందే. వార్తలు, పాడిపంటలు, మధ్యాహ్నం వివిధభారతి పాటలు. పాత సెట్టు పాడైపోయింది. ఈ మధ్య వినికిడి కూడా కాస్త తగ్గి, ‘మాటలు ముద్దముద్దగా వస్తున్నాయి’ అంటున్నారు. అమెరికాలో ఉన్న తమ్ముడు దసరాకి వస్తూ టివోలీ మోడల్ వన్ తెస్తానంటున్నాడు. రెండు వందల డాలర్ల పైమాటే. ఒక రేడియోకి అంత పెట్టాలా? ఇక్కడ రెండు మూడు వేలకు దొరికేది చాలదా?

జవాబు: ఆ రేడియో ఆ ధరకు తగినదే. అయినా మీ నాన్నగారి కోసం మాత్రం తేవద్దని తమ్ముడికి చెప్పండి. ఈ రెండు మాటలకూ కారణాలు చెబుతాను.

మోడల్ వన్‌ను రూపొందించిన హెన్రీ క్లాస్ స్పీకర్ల రంగంలో చాలా పెద్ద పేరు. 1954లో ఎడ్గర్ విల్చర్‌తో కలిసి ఎకౌస్టిక్ రీసెర్చ్ కంపెనీ పెట్టి, చిన్న పెట్టెలోంచి కూడా లోతైన శబ్దం రప్పించొచ్చని చూపించారు. 1960లో, కేఎల్‌హెచ్ అనే కంపెనీలో ఉండగా, మోడల్ ఎయిట్ అనే టేబుల్ రేడియో చేశారు. ఆ దారిలోనే నలభై ఏళ్ల తర్వాత, 2000లో, ఈ మోడల్ వన్ వచ్చింది. 2002లో ఆయన చనిపోయారు. చెక్క పెట్టె, ముందు మూడు నాబ్‌లు, మూడంగుళాల స్పీకర్ ఒకే ఒక్కటి. స్టీరియో కూడా కాదు. చూడ్డానికి ఇంతే.

ఒక మిత్రుడి ఇంట్లో దాన్ని తీరిగ్గా విన్నాను. ముందు నా చేతికి తెలిసింది ట్యూనింగ్ నాబ్. మనం ఐదు వంతులు తిప్పితే స్కేలు ఒక్క వంతు కదులుతుంది. వేళ్లు వణికే పెద్దవాళ్లు కూడా స్టేషన్ మీద సరిగ్గా నిలపగలరు. తర్వాత వార్తలు మొదలయ్యాయి. చదివే ఆయన వాక్యానికీ వాక్యానికీ మధ్య ఊపిరి తీసుకోవడం వినిపించింది. ప్లాస్టిక్ సెట్లలో వాల్యూమ్ పెంచగానే పెట్టె కూడా గొంతుతో పాటు అదురుతుంది. మగ గొంతు డబ్బాలోంచి వచ్చినట్టు ఉండటానికి ఆ అదురే కారణం. ఇక్కడ అది లేదు. మీరు పెట్టే డబ్బులో పెద్ద భాగం ఈ పెట్టెకు, స్పీకర్‌కు, ఆ రెంటినీ ఒకదానికొకటి కుదిర్చిన పనితనానికి పోతుంది. రోజుకు నాలుగైదు గంటలు వినే మనిషికి అది విలాసం కాదు. గరగరలాడే శబ్దాన్ని అంతసేపు వింటే తల నొస్తుంది.

చెక్కలా కనిపించేదల్లా ఇలా ఉంటుందని మాత్రం అనుకోకండి. కొన్నేళ్ల కిందట ఆన్‌లైన్‌లో నేనొక ‘చెక్క రేడియో’ కొన్నాను. ఆరు నెలలకు మూల దగ్గర పొర లేచింది. చూస్తే పలచటి అట్ట మీద అంటించిన చెక్క రంగు స్టిక్కర్. కొనేముందు బరువు చూడండి, వెనక పలకను వేలితో కొట్టి చూడండి. బోలుగా మోగితే వద్దు.

ఇక ఎందుకు వద్దంటున్నానో వినండి. అమెరికాలో అమ్మే సెట్టు 120 వోల్టులది. మన ప్లగ్గులో నేరుగా పెడితే కాలిపోతుంది. వోల్టేజీ తగ్గించే స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టుకుంటే ఆ సమస్య తీరుతుంది. తీరనిది ఇంకొకటుంది.

ఎఫ్‌ఎం స్టేషన్లు కార్యక్రమాన్ని పంపేటప్పుడే అందులోని సన్నటి (హెచ్చు శ్రుతి) శబ్దాలను కావాలని కొంచెం పెంచి పంపుతాయి. మన రేడియో వాటిని అంతే మేరకు తగ్గించి వినిపిస్తుంది. దారిలో కలిసిన బుస శబ్దం కూడా దాంతో పాటే తగ్గిపోతుంది. ఎంత పెంచాలి, ఎంత తగ్గించాలి అన్న లెక్క అమెరికాలో 75 మైక్రోసెకన్లు, మన దేశంలో 50. అంకె పెద్దదైతే పెంపు, తగ్గింపు కూడా ఎక్కువ. అంటే అమెరికా లెక్కతో తయారైన సెట్టు మన స్టేషన్ పెంచినదానికంటే ఎక్కువ తగ్గించేస్తుంది. శబ్దం కొంచెం మొద్దుబారుతుంది. పాటలు వినే కుర్రాళ్లకు ఈ తేడా పెద్దగా తెలియదు, కొందరికి ఆ మెత్తదనమే నచ్చుతుంది కూడా.

మీ నాన్నగారి సంగతి వేరు. వయసుతో పాటు ముందుగా తగ్గేది సన్నటి శబ్దాల వినికిడే. అచ్చులు గట్టిగానే వినిపిస్తాయి కానీ స, త, క, ఫ లాంటి హల్లులు జారిపోతాయి. వార్తల్లో ‘సాగునీరు’ అన్నారో ‘తాగునీరు’ అన్నారో తెలియదు. ఆయన చెప్పే ‘ముద్ద’ బహుశా ఇదే. మరి ఆయన చెవి దేన్ని పోగొట్టుకుంటోందో దాన్నే ఇంకాస్త తగ్గించే సెట్టును ఇరవై వేలు పోసి తేవడం దేనికి? పోనీ సరిచేసుకుందామన్నా మోడల్ వన్‌కు సన్నటి శబ్దాలను పెంచుకునే ట్రెబుల్ నాబ్ లేదు. ఉన్న మూడు నాబ్‌లలో ఒకటి వాల్యూమ్, ఒకటి బ్యాండు, మూడోది ట్యూనింగ్.

తమ్ముడు దీని బదులు అంకెల డిస్‌ప్లే ఉన్న ఖరీదైన సెట్టు తెస్తానంటే ఇంకో చిక్కు. అమెరికా డిజిటల్ సెట్లు చాలావరకు ఎఫ్‌ఎంలో 102.1, 102.3 అంటూ బేసి అంకెల మీదే ఆగుతాయి. ఆకాశవాణి విజయవాడ రెయిన్‌బో ఎఫ్‌ఎం 102.2లో ఉంది. మీడియం వేవ్‌లో పదేసి కిలోహెర్ట్జ్ చొప్పున గెంతుతాయి. మనవి తొమ్మిదేసి. విజయవాడ కేంద్రం 837 కిలోహెర్ట్జ్ మీద ఉంటే సెట్టు 840 దగ్గర నిలబడుతుంది. దీన్ని మార్చే మీట కొన్ని సెట్లకు ఉంటుంది, కొన్నింటికి ఉండదు. యూరప్ నుంచి తెప్పిస్తే డాబ్ అనే డిజిటల్ రేడియో కోసం కూడా డబ్బు కడతారు. ఆ ప్రసారాలు మన దగ్గర లేవు. అలాంటి కొన్ని సెట్లలో మీడియం వేవే ఉండదు.

కాబట్టి నా సలహా. ముందు నాన్నగారికి చెవుల పరీక్ష చేయించండి. వినికిడి యంత్రం అవసరమని తేలితే తమ్ముడి డబ్బు దానికి వాడండి, ఆయనకు రేడియోతో పాటు మనవల మాటలు కూడా వినిపిస్తాయి. తర్వాత ఎవరిదైనా చిన్న రేడియో అడిగి తెచ్చి, ఆయన కూర్చునే కుర్చీ దగ్గరే పెట్టి, ఆయన వినే స్టేషన్లన్నీ పెట్టి చూడండి. ఏ స్టేషన్ ఎలా వస్తోందో అప్పుడే తెలుస్తుంది. స్టేషనే సరిగా అందని గదిలో ఎంత ఖరీదైన స్పీకరైనా ఆ గరగరనే మరింత స్పష్టంగా వినిపిస్తుంది. అక్కడ కావలసింది కిటికీ దగ్గర చోటు, లేదంటే బయట ఒక యాంటెన్నా.

సెట్టు మాత్రం ఇక్కడే, షాపుకి ఆయన్ని తీసుకెళ్లి కొనండి. కనీసం నాలుగంగుళాల స్పీకర్, విడిగా ట్రెబుల్ లేదా టోన్ నాబ్, ఏఎం (అంటే మీడియం వేవ్), ఎఫ్‌ఎం రెండూ, కరెంటుతో పాటు మామూలు బ్యాటరీలతో కూడా పనిచేయడం: ఈ నాలుగూ ఉన్నవి మూడు నాలుగు వేలలో దొరుకుతాయి. బ్యాటరీల మాట గట్టిగా పట్టుకోండి. మీది కోస్తా. తుఫాను వచ్చి కరెంటు పోయి, ఫోన్ ఛార్జింగ్ అయిపోయి, సెల్ టవర్ కూడా ఆగిపోయిన రాత్రి ఆ ఇంట్లో కబురు చెప్పేది అదొక్కటే. మోడల్ వన్‌లో బ్యాటరీ పెట్టే చోటు లేదు. షాపులో ఆయన చేతే తిప్పించండి. ట్రెబుల్ పెంచి వార్తలు పెట్టి, విన్న వాక్యాన్ని తిరిగి చెప్పమని అడగండి. ఏ సెట్టు దగ్గర తడుముకోకుండా చెబుతారో అది తీసుకోండి.

వినికిడి బాగుండి, ఎఫ్‌ఎం శుభ్రంగా అందే ఊళ్లో ఉండి, రోజూ ఒకేచోట కూర్చుని పాటలు వినే అలవాటున్నవాళ్లు మోడల్ వన్ నిస్సందేహంగా కొనుక్కోవచ్చు, 230 వోల్టులది దొరికితే. అదే బాణీలో, చెక్క పెట్టెతోనే, తైవాన్ కంపెనీ శాంగియన్ చేసిన డబ్ల్యుఆర్-11 కూడా మంచి సెట్టు.

ప్రశ్న: కరీంనగర్‌లో ఉంటాం. మీడియం వేవ్‌లో హైదరాబాద్ 738 ఇదివరకు చక్కగా వచ్చేది. ఇప్పుడు సాయంత్రమైతే చాలు, జుయ్‌మని ఒకటే మోత. ఖరీదైన రేడియో కొంటే పోతుందా?

జవాబు: పోదు. సాయంత్రం మొదలవుతోందంటే నా అనుమానం మీ ఎల్‌ఈడీ బల్బుల మీద. చవక బల్బుల్లో, ఛార్జర్లలో ఉండే సర్క్యూట్లు సరిగ్గా ఆ బ్యాండులోనే రొద పుట్టిస్తాయి. సెట్టును బ్యాటరీల మీద పెట్టి, ఐదు నిమిషాలు ఇంటి మెయిన్ ఆపి చూడండి. రొద పోతే దొంగ ఇంట్లోనే ఉన్నాడు. మెయిన్ వేసి ఒక్కొక్క స్విచ్చే వేసుకుంటూ రండి, ఎక్కడ మోత మొదలైతే అదే. మా ఇంట్లో అది వంటగది బల్బు కాదు, టీవీ సెట్‌టాప్ బాక్సు అడాప్టర్. టీవీ ఆపినా అది ప్లగ్గులోనే ఉండి మోగుతూనే ఉంది. దాన్ని తీసేశాక స్టేషన్ మళ్లీ గదిలోకి వచ్చింది.

ఇంకొక పని కూడా చేయండి. మీడియం వేవ్ యాంటెన్నా బయటికి లాగే కడ్డీ కాదు, సెట్టు లోపల అడ్డంగా ఉండే, తీగ చుట్టిన ఫెరైట్ (ఇనుము కలిసిన నల్లటి పదార్థం) ముక్క. రేడియోను బల్ల మీదే నెమ్మదిగా గుండ్రంగా తిప్పితే ఒకచోట స్టేషన్ దాదాపు మాయమవుతుంది. అక్కడి నుంచి పావు వంతు తిప్పి వదిలేయండి.

ప్రశ్న: డాలస్‌లో ఉంటున్నాం. అమ్మ వచ్చి ఆరు నెలలు ఉంటుంది. ఆమె కోసం ఇంటర్నెట్ రేడియో సెట్టు కొంటే ఆకాశవాణి వినొచ్చా?

జవాబు: వినొచ్చు. కానీ ఆ సెట్లు స్టేషన్ల జాబితాను వేరే కంపెనీ సర్వర్ నుంచి తెచ్చుకుంటాయి. రెసివా అనే అలాంటి సర్వీసు 2021లో మూతపడితే, దానిమీద ఆధారపడిన సెట్లలో జాబితాలే రాకుండా పోయాయి. వాటికి వందల డాలర్లు పెట్టినవాళ్లున్నారు. ఆరు నెలల కోసం అది వద్దు. పాత ఫోన్‌లో ప్రసారభారతి వారి న్యూస్ ఆన్ ఎయిర్ యాప్ వేసి, మంచి బ్లూటూత్ స్పీకర్‌కు కలపండి. విజయవాడ, హైదరాబాద్ కేంద్రాలు రెండూ అందులో ఉన్నాయి. అమ్మకు యాప్‌లు తిప్పే టెన్షన్ లేకుండా ఆ ఫోన్‌లో మిగతావన్నీ తీసేసి, స్క్రీన్ మీద ఆ ఒక్క బొమ్మే ఉంచండి. డాలస్‌లో రాత్రి ఏడున్నర, ఎనిమిదిన్నర ప్రాంతంలో పెడితే అక్కడ పొద్దుటి కార్యక్రమాలు నడుస్తుంటాయి.